లండన్ బ్యాంకులో హైదరాబాదు పద్దు

హైదరాబాదు రాజ్యం ఎట్లా ముగిసిందన్న సంగతి మన పెద్దల నోట మనమంతా విన్నవాళ్ళమే. ట్యాంకులు వచ్చిన సంగతి విన్నాం. రజాకార్ల సంగతి విన్నాం. కాసిం రజ్వీ ఉపన్యాసాలూ, లాయక్ అలీ తప్పించుకుని పోవడమూ విన్నాం. అయితే ఆ రోజుల్లో ఖజానా తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, పైకం ఏ దారిన పోయింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. తుపాకీ పట్టినవాడి ఫోటో పత్రికలో పడుతుంది. ఆ తుపాకీకి డబ్బు చెల్లించిన ముంషీ ఫోటో ఎక్కడ పడుతుంది?

ఈ సంచిక చివర మన సంఘపు జమాఖర్చుల పట్టిక ప్రతి ఏటా వలెనే అచ్చవుతుంది. మన సభ్యులలో ఎందరు ఆ పుట తిప్పి చూస్తారో మాకు తెలుసు, మన కోశాధికారి గారికి ఇంకా బాగా తెలుసు. అందుకని ఈసారి చరిత్ర వ్యాసాన్ని లెక్కలు వ్రాసేవారి గురించే వ్రాయదలచాము. ఒక బ్యాంకు ఖాతాలోని ఒకే ఒక్క పద్దు, 1948లో మొదలై 71 ఏళ్ళు కోర్టులలో నలిగి, 2019లో తేలిన వైనం ఇది. దానికి వెనుక ఒక రహస్యపు యుద్ధ సన్నాహం ఉంది. దానికీ వెనుక మన హైదరాబాదు లెక్కల దఫ్తరు ఉంది. ముందుగా ఆ దఫ్తరు సంగతి చెప్పాలి.

నిజాం రాజ్యమంటే అత్తరూ షేర్వానీ అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి దాని ఆర్థిక శాఖ మహా గట్టిది. ఆ గట్టితనానికి కారకుడు సర్ అక్బర్ హైదరీ. ఈయన బొంబాయిలో 1869లో పుట్టిన బోహ్రా కుటుంబీకుడు. బ్రిటిషు ఇండియా ప్రభుత్వపు ఆర్థిక శాఖలో 1888లో చేరి, లెక్కల పనిలో ఆరితేరి, 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాదుకు వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం సందర్భంగా మనం ఆయన పేరు తలుచుకుంటాం గాని ఆయన అసలు వృత్తి జమాఖర్చే. 1921లో ఆర్థిక మంత్రి అయ్యాక ప్రతి శాఖకూ మూడేళ్ళకు సరిపడా గ్రాంటు ముందే నిర్ణయించి, ఆ లోపల పొదుపు చేసుకుంటే మిగులు ఆ శాఖదే అన్న పద్ధతి పెట్టారు. కరువుకొక నిధి, నాణేలకొక నిధి, అప్పు తీర్చడానికొక నిధి, పరిశ్రమలకొక నిధి, ఇట్లా వేరువేరుగా నిల్వలు కట్టించారు. కంపెనీ చేతిలో ఉన్న రైల్వేను 1930లో రాజ్యం కొనుక్కోగలిగిందంటే ఈ నిల్వల చలువే. 1937లో ఆయన ప్రధాని అయ్యారు. లెక్కలు వ్రాసే బల్ల దగ్గర నుండి ప్రధాని పీఠం దాకా పోయిన మనిషి.

ఆ తరువాత 1940ల్లో అదే ఆర్థిక శాఖకు వచ్చినవారు గులాం మొహమ్మద్. ఈయనా అలీగఢ్‌లో చదివి, భారత ఆడిట్, లెక్కల సర్వీసులో పెరిగినవారే. హైదరాబాదు నిల్వలు ఎంత, ఎక్కడ ఉన్నాయి, ఏవి వెంటనే నగదు అవుతాయి, ఏవి కావు అన్నది ఆయనకు కొట్టిన పిండి. ఆయన 1947 ఆగస్టులో పాకిస్తాను మొట్టమొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. తరువాత 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకం పెట్టుకుంటే తరువాతి కథ కొంత తేలికగా అర్థమవుతుంది.

1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. ఆ రోజుల్లోనే మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు. ఆయన ఇంజనీరు, మిల్లులు నడిపిన వ్యాపారస్తుడు. ఆయన బావమరిది వరసైన మొయిన్ నవాజ్ జంగ్‌కు ఆర్థిక, విదేశాంగ శాఖలు రెండూ దక్కాయి. ఖజానా చూసేవాడూ, పరాయి రాజ్యాలతో మాట్లాడేవాడూ ఒకరే అయ్యారు. ఏ రాజ్యంలోనైనా ఈ రెండు పనులూ వేరువేరు చేతుల్లో ఉండడం మంచిది. ఒకడు ఖర్చు కోరుతాడు, రెండోవాడు ఎందుకు అని అడుగుతాడు. ఆ అడిగే మనిషి లేకుండా పోయాడు.

ఒడంబడిక సిరా ఆరకముందే ఒక సంగతి బయటపడింది. హైదరాబాదు ప్రభుత్వం తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీలలో 20 కోట్ల రూపాయల విలువైనవి పాకిస్తానుకు అప్పుగా ఇచ్చిందన్నది ఆ సంగతి. లెక్కల పుస్తకంలో చూస్తే అందులో తప్పేమీ కనబడదు. ఒక చోట పెట్టిన పెట్టుబడి ఇంకొక చోటికి మారింది, అంతే. ఢిల్లీ మాత్రం ఇది ఒడంబడికకు ద్రోహమంది. ఆ ఒడంబడిక నడిచినంత కాలం పాకిస్తాను ఆ పత్రాలను నగదు చేసుకోదని లాయక్ అలీ మాట ఇవ్వవలసి వచ్చింది. అదే తరుణంలో రాజ్యంలో భారత కరెన్సీ చెల్లదని ఆర్డినెన్సు తెచ్చి ఇంకొక తగువు నెత్తి మీదికి తెచ్చుకున్నారు.

ఇక్కడ నాణేల సంగతి ఒక మాట చెప్పాలి, మన పిల్లలకు ఇది తెలియదు. హైదరాబాదుకు సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు మారకం. హాలీ సిక్కా ఔరంగాబాదు నుండి వరంగల్లు దాకా బ్రహ్మాండంగా చెల్లేది. సరిహద్దు స్టేషను దాటితే టీ కూడా రాదు. సెక్యూరిటీ పత్రాల మీద ఢిల్లీ చెయ్యి ఉంది. కాబట్టి హైదరాబాదు ఖజానా ఎంత నిండుగా ఉన్నా, పరదేశంలో ఒక తుపాకీ కొనాలంటే ఆ నిండుతనం అక్కరకు రాదు. అక్కరకు వచ్చేది లండన్‌లో నిల్వ ఉన్న పౌండ్లే. రహస్యపు యుద్ధ సన్నాహాలకు మొదటి సమస్య ఎప్పుడూ ఇదే. డబ్బు ఉండడం వేరు, అడిగినచోట అడిగిన నాణెంలో, ఎవరూ చూడకుండా ఉండడం వేరు. ఆ పని సేనాపతి చేయలేడు, లెక్కల మనిషి చేయాలి.

1948 వేసవి నాటికి భారత ప్రభుత్వం సరిహద్దులు బిగించింది. ఆయుధాలే గాక మందులు, పెట్రోలు, ఉప్పు కూడా రావడం కష్టమైపోయింది. అప్పుడు రంగంలోకి వచ్చినవాడు సిడ్నీ కాటన్. ఆస్ట్రేలియా వాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మామూలు వ్యాపారి వేషంలో విమానం నడుపుతూ జర్మనీ మీద రహస్యంగా ఫోటోలు తీసి బ్రిటిషు గూఢచారి శాఖకు ఇచ్చిన ఘనుడు. ఇతను లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించాడు. యుద్ధంలో బాంబులు వేసిన లాంకాస్టర్ విమానాన్నే మార్చి సామాను, ప్రయాణీకులు ఎక్కేటట్టు చేసిన విమానాలవి. కరాచీలో బయలుదేరి, భారత భూభాగం మీదుగా రాత్రివేళ ఎగిరి, బీదరులోనూ వరంగల్లులోనూ దిగేవారు. సరుకు దింపి తెల్లవారకముందే తిరిగి పోయేవారు. వరంగల్లు వైపు వృద్ధులు రాత్రిళ్ళు ఆకాశంలో మోత వినిపించేదని చెప్పుకునేవారు.

ఈ విమానాల కథను వీరగాథలాగా చెప్పేవారు ఉన్నారు, దొంగతనంలాగా చెప్పేవారూ ఉన్నారు. మాకు మాత్రం అది జీతాల పట్టీలాగా కనబడుతుంది. పైలట్లు జీతం లేకుండా ఎగరరు. విమానానికి కిరాయి, ఆయిలుకు బిల్లు, ప్రాణానికి పూచీ, సరుకుకు ముందు సొమ్ము, ఇవన్నీ పౌండ్లలో చెల్లించాలి. కాటన్ అంతా ముగిశాక లండన్‌లో 200 పౌండ్ల జరిమానా కట్టి బయటపడ్డాడు, 1969లో అచ్చయిన తన జీవితకథలో దర్జాగా ఈ సంగతులన్నీ చెప్పుకున్నాడు. కిరాయికి వచ్చినవాడికి పోయేదేముంది?

వచ్చిన ఆయుధాలు యుద్ధాన్ని నాలుగు రోజులు పొడిగించడానికి కూడా చాలలేదు. వాటి మీద పెట్టుకున్న భ్రమ మాత్రం రాజీని నెలల తరబడి వెనక్కి నెట్టింది. ఈ భ్రమ తగదని మన వారిలోనే చెప్పినవారు లేకపోలేదు. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ చెప్పాడు, 1948 ఆగస్టు 22 తెల్లవారుజామున ప్రాణాలిచ్చాడు. పల్లెల్లో రజాకార్ల చేతిలో హిందూ సోదరులు పడ్డ బాధలూ మనం దాచవలసినవి కావు.

సెప్టెంబరు 11న కరాచీలో జిన్నా మరణించారు. 13వ తేదీ సోమవారం తెల్లవారుతూనే భారత సేనలు రాజ్యంలో ప్రవేశించాయి. మొయిన్ నవాజ్ జంగ్ అప్పటికి ప్యారిస్‌లో ఉన్నారు, ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందు హైదరాబాదు ఫిర్యాదు వినిపించడానికి. 16న మండలి కూర్చుంది. 17వ తేదీ, జుమ్మా రోజు, లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురీకి లొంగిపోయారు. రాజ్యం అయిపోయింది.

20వ తేదీ సోమవారం నాడు లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఒక పద్దు పడింది. నిజాం ప్రభుత్వపు ఖాతాలో ఖర్చు, పాకిస్తాను హైకమిషనర్ హబీబ్ ఇబ్రాహీం రహీంతూలా పేరున ఉన్న ఖాతాలో జమ. మొత్తం 10,07,490 పౌండ్ల 9 షిల్లింగులు. అప్పటి మారకం ప్రకారం పౌండుకు పదమూడు రూపాయల అయిదణాల చొప్పున చూసుకుంటే సుమారు 1 కోటి 34 లక్షల రూపాయలు. మార్చమని ఆదేశం ఇచ్చినది మొయిన్ నవాజ్ జంగ్.

చదువరులు ఇక్కడ ఆగి తేదీలు మళ్ళీ ఒకసారి చూడవలెను. మంత్రివర్గం పోయింది 17న. పద్దు పడింది 20న. లేని ప్రభుత్వపు మంత్రి ఆదేశాన్ని బ్యాంకు ఎందుకు పాటించింది? జవాబు మన సంఘంలో ఏ కోశాధికారిని అడిగినా చెబుతాడు. బ్యాంకు వార్తాపత్రిక చదవదు, సంతకం చూస్తుంది. ఆ ఖాతాను నడపడానికి మొయిన్ నవాజ్ జంగ్‌కు అధికారం ఉంది, ఆ అధికారం రద్దయిందని బ్యాంకుకు ఎవరూ వ్రాయలేదు, అందుచేత అది చెల్లుతుంది. ఏ అంజుమన్‌లోనైనా కొత్త కమిటీ వచ్చి ఎన్ని నెలలైనా పాస్‌బుక్కు మీద పాత కార్యదర్శి సంతకమే నడవడం మనం ఎరగనిది కాదు. ఇక్కడా అంతే, మూడు రోజుల వ్యవధిలో రాజ్యపు పైకం చేయి మారింది.

సెప్టెంబరు 27న నిజాం లండన్ బ్యాంకుకు తంతి ఇచ్చారు, ఆ బదిలీకి నా అనుమతి లేదు, సొమ్ము తిరిగి నా ఖాతాలో వేయండి అని. బ్యాంకు జవాబు కూడా లెక్కల ప్రకారం సరైనదే. ఇప్పుడు ఖాతాదారు రహీంతూలా గారు, ఆయన ఒప్పుకుంటే తప్ప మేము కదిలించలేము అన్నది. ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కరాచీ చేతిలో ఉన్న పని.

ఆ వారాలలోనే ఇక్కడ ఏం జరుగుతున్నదో వ్రాయకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఊళ్ళకు ఊళ్ళు ముస్లింలు ఊచకోతకు గురైనారు. ప్రధాని నెహ్రూ పంపిన మీదట పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ ఏడు నవంబరు, డిసెంబరు నెలల్లో తిరిగి విచారించారు. తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల వరకు ప్రాణాలు పోయాయని వారి నివేదిక. లాంకాస్ట్రియన్లు దిగిన బీదరు జిల్లా కూడా అందులో ఉన్నది. ఆ నివేదిక మరుగున పడిపోయింది, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చూడడానికి వీలయిందన్న వార్త 2013లో గాని రాలేదు. విధవలైన స్త్రీలకూ అనాథ పిల్లలకూ ఆ రోజుల్లో అన్నం పెట్టినది మన అంజుమన్లు, ఇరుగుపొరుగువారు, పల్లెల్లో మంచి మనసున్న హిందూ కుటుంబాలు. రాజ్యం పేరున ఉన్న పది లక్షల పౌండ్లు లండన్‌లో చల్లగా నిద్రపోతున్నాయి.

లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుండి తప్పించుకుని కరాచీ చేరుకున్నారు. నిజాం మాత్రం పైకం వదిలిపెట్టలేదు. పొదుపు విషయంలో ఆయనకున్న పేరు లోకవిదితం. 1954లో లండన్ కోర్టులో దావా వేశారు. ప్రతివాదులు రహీంతూలా, బ్యాంకు. అప్పటికి రహీంతూలా హైకమిషనర్ పదవి దిగిపోయి రెండేళ్ళయింది. పాకిస్తాను తరఫు వాదం ఏమిటంటే, ఆ ఖాతా రహీంతూలాది కాదు, మా ప్రభుత్వానిది, స్వతంత్ర రాజ్యం మీద ఇంకొక దేశపు కోర్టులో దావా నడవదు అని. మొదటి కోర్టు దావా నిలిపివేసింది. 1957లో అప్పీలు కోర్టు నిజాంకు అనుకూలంగా చెప్పింది. అదే ఏడు నవంబరులో ప్రభువుల సభ దాన్ని తిరగవేసి పాకిస్తాను మాటే చెల్లిందంది. సొమ్ము ఎవరిదన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. తలుపు మూసి వెళ్ళిపోయారు. పాకిస్తాను మీద దావా నడవదు, పాకిస్తానుకేమో బ్యాంకు ఇవ్వదు. ఉస్మాన్ అలీ ఖాన్ గారు 1967 ఫిబ్రవరి 24న కాలం చేశారు. ఇంగ్లండులో 1971లో షిల్లింగులే రద్దయి, ఆ తొమ్మిది షిల్లింగులు 45 పెన్నీలుగా మారాయి. వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు ఇంకొక బ్యాంకుతో కలిసి నేషనల్ వెస్ట్‌మినిస్టర్ అయింది. పద్దు అట్లాగే ఉంది.

2013లో పాకిస్తాను తానే తలుపు తెరిచింది. సొమ్ము మాది, మాకిమ్మని బ్యాంకు మీద దావా వేసింది. తానే వాదిగా కోర్టుకెక్కిన రాజ్యం, నా మీద విచారణ చెల్లదని ఇక అనలేదు కదా! ఆ సంగతి తెలిసి వచ్చాక 2015లో దావా ఉపసంహరించుకోబోయింది, న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఇటువైపు భారత ప్రభుత్వమూ, నిజాం మనవళ్ళు ముకర్రం జా, ముఫఖం జా సాహెబులూ తమలో తాము రాజీపడి ఒక్కటై నిలిచారు.

పాకిస్తాను ఏమి చెప్పిందన్నదే మన విషయానికి ప్రాణం. ఒక వాదం, ఈ సొమ్ము భారత సేనల చేతిలో పడకుండా భద్రపరచడానికి మాకిచ్చారని. ఇంకొక వాదం, మేము హైదరాబాదుకు ఆయుధాలు చేరవేశాం, ఇది దాని తాలూకు చెల్లింపు అని. 1948లో బయటకు పొక్కకూడదని తంటాలు పడిన వ్యవహారాన్ని 70 ఏళ్ళ తరువాత ఆ ప్రభుత్వమే కోర్టులో నిరూపించబోయింది. లాంకాస్ట్రియన్లు ఎగిరిన సంగతి, కాటన్ సంగతి, ఉత్తరాలు, తంతులు అన్నీ బయటికి తీసింది.

2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పారు. ఆయుధాలు రావడంలో పాకిస్తాను సాయం ఉన్నమాట నిజమే కావచ్చు. అయితే ఈ పది లక్షల పౌండ్లు ఆ ఆయుధాల ధర అని చెప్పడానికి ఆధారం లేదు. ఇంత సరుకుకు ఇంత వెల, ఇదిగో రసీదు అని చూపించే కాగితం లేదు. రహస్యంగా చేసిన పనికి రసీదు వ్రాసుకోరు. ఆనాడు కాగితం లేకపోవడం రక్షణ అనుకున్నారు, ఈనాడు ఆ కాగితం లేకపోవడమే కేసు పోవడానికి ఒక కారణమైంది. పైగా ఉన్న కాగితం అడ్డం తిరిగింది. ఆ సొమ్మును తన పేరున ట్రస్టుగా ఉంచుతానని రహీంతూలా ఆనాడు వ్రాసిన జవాబు కోర్టు ముందుకు వచ్చింది. ట్రస్టు అంటే మన మాటలో అమానత్. ఖాతా నీ పేరున ఉన్నంత మాత్రాన సొమ్ము నీది కాదు, నువ్వు అమానత్‌దారువి మాత్రమే, హక్కు ఏడవ నిజాందీ ఆయన ద్వారా హక్కు పొందినవారిదీ అని తీర్పు సారాంశం. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు వ్రాసి పెట్టుకోండని, సాక్షులను పెట్టుకోండని ఆజ్ఞాపించే సూరె బఖరాలోని ఆయత్ ఖురాన్ మజీద్ మొత్తంలో అతి పొడవైనది. మౌల్వీ సాహెబులు జుమ్మా ఖుత్బాలో దాన్ని వివరించినప్పుడు మనం వ్యాపారస్తులకే అనుకుంటాం, మంత్రులకు కూడా అని తోచదు.

తీర్పు నాటికి మొత్తం సుమారు 350 లక్షల పౌండ్లు అయింది. రూపాయల్లో 306 కోట్లని పత్రికలు వ్రాశాయి. మేము కాగితం కలం తీసుకుని లెక్క కట్టి చూశాం. ఏడాదికి అయిదు శాతం కన్నా కాస్త ఎక్కువ చొప్పున చక్రవడ్డీ వేస్తే 71 ఏళ్ళకు సుమారు ఇంత అవుతుంది. అంటే 35 పాళ్ళలో అసలు ఒక్క పాలు, మిగతా 34 పాళ్ళు పెరిగిన సొమ్ము. ఇందులో ఎంత హలాల్ అన్నది తేల్చడానికి మేము ముఫ్తీలం కాము, ఆ జోలికి పోవడం లేదు. అంత సొమ్ముకు ఉలమాల ఫత్వా ఎవరైనా అడిగారా అని మాత్రం కుతూహలంగా ఉంది.

ఇంకొక ప్రశ్న మాత్రం అడగకుండా ఉండలేము. నిజాం ఆస్తులలో సర్ఫెఖాస్ వేరు, దివానీ వేరు. సర్ఫెఖాస్ అంటే ఆయన సొంత ఇలాకాల రాబడి. దివానీ అంటే ప్రజలు కట్టిన శిస్తు, కరోడ్గిరీ, ఆబ్కారీ, రైలు రాబడి. లండన్ ఖాతా ఆయన సొంత జేబుది కాదు, ప్రభుత్వం పేరున ఉన్నది. అక్బర్ హైదరీ కాలం నుండి నల్లగొండ రైతు, పర్భణీ పత్తి వర్తకుడు, రాయచూరు కూలీ కట్టిన పైసలు పోగుబడి నిల్వలైన రాజ్యమది. కోర్టు ముందు రెండు దేశాలున్నాయి, ఇద్దరు రాకుమారులున్నారు, ఒక బ్యాంకు ఉంది. శిస్తు కట్టినవాడు ఏ పక్షానా లేడు. రాకుమారుల వాటా, భారత ప్రభుత్వపు వాటా ఎంతెంతో వారి రాజీపత్రానికే తెలుసు, అది బయటపెట్టలేదు. ప్రభుత్వానికి వచ్చిన వాటాలోంచి 1948లో నష్టపోయిన జిల్లాలకు, ఏ మతం వారికైనా సరే, ఒక ఆస్పత్రో ఒక హాస్టలో కట్టించి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం. దీన్ని మన సంఘం మహజరుగా వ్రాసి పంపవచ్చునేమో కార్యవర్గం ఆలోచించవలెను.

తీర్పు వచ్చాక నిజాం సంతతివారు ఇంకా నూరు మందికి పైగా, మాకూ భాగముందని అదే కోర్టుకు వెళ్ళారు. 2020 జూలైలో అదే న్యాయమూర్తి ఆ అర్జీలను కొట్టివేశారు. ముకర్రం జా సాహెబ్ 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. పార్థివదేహాన్ని హైదరాబాదుకు తెచ్చి మక్కా మసీదు ఆవరణలో, పూర్వపు నిజాముల పక్కన దఫన్ చేశారు.